సమస్థానీయం: ఏ స్థానం?

మద్దిలపాలెం నుంచి: ఒకే మూలకంలో న్యూట్రాన్ల లెక్క మాత్రం వేరుగా ఉండే పరమాణువులు ఐసోటోపులు. ఐసోటోపుకు ‘సమస్థానీయం’ అని తెలుగు మాట ఉంది కదా. అది చదివి మా తరగతి పిల్లలు, న్యూట్రాన్లన్నీ ఒకేచోట ఉంటాయేమో అంటున్నారు. తేడా అంతా బరువులో ఉంటే మాటలో బరువు ఊసే లేదేమండీ?

గాజువాక నుంచి: స్థానం అంటే ఆవర్తన పట్టికలో గడి అండీ. క్లోరిన్-35లో 18 న్యూట్రాన్లు, క్లోరిన్-37లో 20. ప్రోటాన్లు మాత్రం రెండింట్లోనూ 17, అందుకే రెండూ పదిహేడో గడిలోనే కూర్చున్నాయి. గ్రీకులో ఐసోస్ అంటే సమానం, టోపోస్ అంటే చోటు. మాట సూచించింది మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు, 1913లో వాడుకలోకి తెచ్చింది ఫ్రెడరిక్ సాడీ. న్యూట్రాన్ బయటపడింది 1932లో. ఇక ఆ మాటలో న్యూట్రాన్‌ను వెతికితే ఎక్కడ దొరుకుతుంది? బరువును చెప్పే మాట సమభారకం: ఆర్గాన్-40, కాల్షియం-40 లాంటివి. ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్క) ఒకటే, గడులు 18, 20. పరీక్షల్లో తారుమారయ్యేది సమస్థానీయం, సమభారకం అనే ఈ మాటల జంటే.

మద్దిలపాలెం నుంచి: సరేనండీ. క్లోరిన్ పరమాణు భారం పుస్తకంలో 35.45. మేం లెక్కేస్తే 35.48 వస్తోంది!

సీతమ్మధార నుంచి: 35, 37 వేసి గుణించి ఉంటారు. అవి కణాల లెక్క, తూకం కాదు. అసలు ద్రవ్యరాశులు 34.969, 36.966, ప్రకృతిలో వాటాలు 75.76, 24.24 శాతం.
34.969 × 0.7576 = 26.49
36.966 × 0.2424 = 8.96
కలిపితే 35.45. ఆర్కే బీచ్ నీళ్లలోనైనా, వంటింటి ఉప్పు డబ్బాలోనైనా దాదాపు ఇవే పాళ్లు. ఏ ఒక్క క్లోరిన్ పరమాణువూ 35.45 తూగదని కూడా చెప్పండి, అది సగటు.

పెందుర్తి నుంచి: పనిలో పనిగా ‘భారజలం’ సంగతి కూడా, అది కఠినజలం కాదు. సబ్బు నురగ రాని బోరు నీళ్లు కఠినజలం, వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. భారజలంలో హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన ఐసోటోపు డ్యుటీరియం ఉంటుంది: ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్. అది 3.8 డిగ్రీలకే గడ్డకడుతుంది, 101.4 దగ్గర మరుగుతుంది. దాని గడ్డ మామూలు నీళ్లలో మునిగిపోతుంది! ఐసోటోపుల ధర్మాలు ఒకటే అన్న సూత్రం హైడ్రోజన్ దగ్గరే బాగా సడలుతుంది, ఎందుకంటే అక్కడ బరువు ఏకంగా రెట్టింపు. క్లోరిన్‌లో రెండు న్యూట్రాన్లు పెరిగినా తేడా ఆరు శాతం లోపే.

గాజువాక నుంచి: డ్యుటీరియం రేడియోధార్మికం కాదని కూడా రాయాల్సింది. రెండు న్యూట్రాన్లున్న హైడ్రోజన్, అంటే ట్రిటియం, రేడియోధార్మికమే, దాని అర్ధాయువు (సగం తరిగిపోయే కాలం) సుమారు 12.3 ఏళ్లు. ఐసోటోప్ అనగానే రేడియేషన్ అని భయపడేవాళ్లకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.