తక్కువ ధరలో పొగ రుచి ఉన్న స్కాచ్: టీచర్స్ సంగతేంటి?

హెబ్బాళ్_సీమవాసి:
పొగ వాసన ఉన్న విస్కీ రుచి చూడాలని ఎప్పటినుంచో ఉంది. సింగిల్ మాల్ట్‌కి (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసే విస్కీ) బడ్జెట్ లేదు. ఇక్కడ ఎంఆర్‌పీ మందు షాపులో అడిగితే టీచర్స్ ఇచ్చారు. రూమ్మేట్ గ్లాసు నిండా ఐస్ వేసి కలిపాడు. తియ్యగా ఉంది గానీ పొగ జాడ లేదు. నిజంగా ఉంటుందా అన్నా?

కోనసీమ_కోరమంగళ:
ఉంటుంది తమ్ముడూ. టీచర్స్ అంటే రకరకాల విస్కీలు కలిపిన బ్లెండ్. దానికి ఆయువుపట్టు ఆర్డ్‌మోర్ అనే డిస్టిలరీ మాల్ట్. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌షైర్‌లో 1898లో టీచర్ కుటుంబమే కట్టించిన డిస్టిలరీ అది. చుట్టుపక్కల హైలాండ్ ప్రాంతపు డిస్టిలరీలు చాలావరకు పీట్ మానేసినా, వీళ్లు పీట్ పొగ పట్టిన బార్లీనే వాడుతూ వచ్చారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకుని సగం కుళ్లిన మొక్కల పొర. తవ్వి, ఎండబెట్టి, కాలుస్తారు. ఆ పొగ తడి బార్లీకి పట్టేస్తుంది.

బ్లెండ్‌లో గోధుమ, మొక్కజొన్న లాంటి గింజలతో చేసే గ్రెయిన్ విస్కీ కూడా కలుస్తుంది కాబట్టి పొగ పలచబడుతుంది. దానికి ఐస్ తోడైతే వాసన పైకి లేవదు. ముందు ఏమీ కలపకుండా వాసన చూడు. తర్వాత ఒక చెంచా మామూలు నీళ్లు పోసి, చిన్న గుక్క తీసుకుని ఆగు. నాకు మొదట తేనె, ఆపిల్ తెలుస్తాయి. మింగాక గొంతు వెనక తేగలు తంపట వేసిన కుండ వాసన వస్తుంది. నేను ఈ సీసా కొనేదే దానికోసం.

కెమిస్ట్రీ_లేఅవుట్:
నీళ్ల మాట నిజమే. ఆ పొగ వాసనలో గ్వాయకాల్ అనే పదార్థానిది పెద్ద పాత్ర. ఆల్కహాల్ శాతం తగ్గితే అది ద్రవం పైభాగానికి చేరుతుందని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చూపించారు. మన దగ్గర బాటిల్ చేసే టీచర్స్ 42.8 శాతం, బయట చాలా దేశాల్లో 40. కాబట్టి కాసిన్ని నీళ్లు పోసినా రుచి చెడదు.

పల్నాడు_మారతహళ్లి:
నాకు సోడాతోనే నచ్చుతుంది. బుడగలతో పాటు వాసన కూడా ముక్కుకి తగులుతుంది. కాకపోతే సోడా సగం గ్లాసు దాటకూడదు. మంచింగ్ విషయంలో మాత్రం జాగ్రత్త. చికెన్ 65 తిన్న నోటికి ఏ పొగా తెలియదు. వేపిన పల్లీలు చాలు.

కోనసీమ_కోరమంగళ:
పల్లీల మాటకి నా ఓటు. సోడాకి మాత్రం కాదు బ్రదర్, ఆ తేనె రుచి పోతుంది.

హెబ్బాళ్_సీమవాసి:
నిన్న రాత్రి నీళ్లతో చూశాను. మింగాక కాసేపటికి వచ్చింది అన్నా, సన్నగా! ఇంకొంచెం గట్టిగా కావాలంటే?

కెమిస్ట్రీ_లేఅవుట్:
జానీ వాకర్ బ్లాక్ లేబుల్. 12 ఏళ్లది. అందులో స్కాట్లాండ్‌లోని ఐలా దీవి మాల్ట్ కవోల్ ఈలా కూడా ఉంటుంది. ధర బాగా ఎక్కువే, అందుకని ముందు క్వార్టర్ తీసుకోండి. ఐలా పొగలో కొంచెం సముద్రం, అయోడిన్ వాసన ఉంటుంది. ఆర్డ్‌మోర్‌ది పొడి కట్టె పొగ. రెండూ పక్కపక్కన పోసుకుని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

పల్నాడు_మారతహళ్లి:
చూశాక ఇక్కడ రాయి తమ్ముడూ. సోడాతో కూడా ఒక గ్లాసు.