బొమ్మ కింద రాసింది మీ పిల్లలు చదువుతారా?

మల్కాజిగిరి_అమ్మ:
మా అమ్మాయి ఆరో తరగతి. కథల పుస్తకం ఇస్తే గంటలకొద్దీ కదలదు. సోషల్, సైన్సు పుస్తకాలు తెరిస్తే మాత్రం పేరాలు గబగబా చదివేసి "అయిపోయింది" అంటుంది. పక్కన పెట్టె కట్టి ఇచ్చిన విషయం, బొమ్మ కింది వాక్యం, మ్యాపు, పట్టిక... ఒక్కటీ చూడదు. అడిగితే "అవి పరీక్షలో రావమ్మా" అని జవాబు. స్కూల్లో ఈమధ్య వర్క్‌షీట్ ఇచ్చారు. ఇది శీర్షిక, ఇది ఉపశీర్షిక, ఇది క్యాప్షన్ అని గీతలు గీసి జతపరచాలి. అన్నీ కరెక్టుగా కలిపింది. చదివే తీరు మాత్రం మారలేదు. మీ ఇళ్లల్లో, క్లాసుల్లో ఏం చేస్తున్నారో కాస్త చెప్పండి.

బడిగంట:
సోషల్ టీచర్ని. ఆ వర్క్‌షీట్లంటే నాకూ చిరాకే అండీ. పేర్లు అప్పజెప్పించుకుంటే ఏమొస్తుంది? పేరాలో జవాబు దొరకని ప్రశ్న వేయాలి. అప్పుడు కళ్లు వాటంతటవే పక్కకి పోతాయి.

హైదరాబాద్‌లో వచ్చిన మూసీ వరద మీద నేనే ఒక పేజీ తయారు చేసుకున్నా. పేరాలో కావాలనే తక్కువ రాశా. వరదొచ్చింది, ఊరు పాడైంది, ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, తర్వాత ఎగువన రెండు జలాశయాలు కట్టారు. అంతే. పాత ఫొటో కింద "1908 సెప్టెంబరు 28" అన్న తేదీ. పక్కన కాలరేఖ మీద 1908 వరద, 1911లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మరణం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. చిన్న మ్యాపులో మూసీ మీద ఒక జలాశయం, ఈసీ ఏటి మీద ఇంకోటి. పెట్టెలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు సంగతి. ఆ రోజు దాని కొమ్మలెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు.

ఇక ప్రశ్న: "వరదొచ్చినప్పుడున్న నిజాం పేరేనా మొదటి జలాశయానికి పెట్టింది?" పేరా ఎన్నిసార్లు తిరగేసినా తేలదు. కాలరేఖ చూస్తే తేలుతుంది. వరదప్పుడు మహబూబ్ అలీ ఖాన్, కట్ట పూర్తయ్యేనాటికి గద్దె మీద ఉస్మాన్ అలీ ఖాన్. ఒక పిల్లాడైతే లేచి "మేడం, పన్నెండేళ్లా? ఈలోగా మళ్లీ వరదొస్తేనో?" అన్నాడు. "తర్వాత కట్టారు" అని చదివి ఊరుకుంటే ఆ అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? "ఒక జలాశయం చాలదా, రెండెందుకు?" అన్నదానికి మ్యాపే దిక్కు. ఏర్లు రెండు, లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర కలిసి ఊళ్లోకి వస్తాయి.

చిక్కడపల్లి_బెంచి:
అక్కా, ఇది పిల్లల ముచ్చటొక్కటే కాదు. నేను చిక్కడపల్లి లైబ్రరీల కూసొని గ్రూప్స్‌కు చదువుతున్న. ఆర్థిక సర్వే పట్టుకుంటే మావోళ్లల్ల సగం మంది అంకెలు బట్టీ కొడ్తరు గని పట్టిక మీద ఏం రాసుందో సూడరు. "ప్రస్తుత ధరలలో" (అంటె ఆ యేటి ధరలకే లెక్కగట్టింది) అని ఒక పట్టిక, "స్థిర ధరలలో" (ఒక పాత ఏడాది ధరలకు లెక్కగట్టింది) అని ఇంకోటి ఉంటది. ఒకే ఏడాదికి రెండిట్ల వేరే వేరే అంకెలు. గది సూడకుంట "బుక్కుల తప్పు పడ్డది" అని లొల్లి. మూలకు సన్నగ "రూ. కోట్లలో" అని ఉంటది, దాన్ని లక్షలనుకుంటె ఇగ అయిపాయె. అంకె పక్కన చుక్క గుర్తుంటె కిందికి పోవాలె, ఆడ "ముందస్తు అంచనా" అని ఉంటది. అంటె రేపు మారే అంకె అన్నట్టు. నేనైతె మొదలు హెడ్డింగు, అటెన్క కింద నోట్, ఆఖరికే అంకెలు.

మల్కాజిగిరి_అమ్మ:
బడిగంట గారూ, ఆ పేజీ ఇక్కడ పెట్టగలరా? తమ్ముడూ, పరీక్ష బాగా రాయి.

ఆబిడ్స్_ఆదివారం:
ఫుట్‌పాత్ మీద పుస్తకం కొనేటప్పుడు తీరిగ్గా చదవనివ్వరు కదా, అందుకే నాకో అలవాటైంది. ముందు టైటిల్ పేజీ వెనక అచ్చయిన సంవత్సరం చూస్తా. తెలంగాణ మ్యాపే తీసుకోండి. 2015 పుస్తకంలో 10 జిల్లాలు, 2017 దాంట్లో 31, ఇప్పటివాటిలో 33. ఏదీ తప్పు కాదు, ఎప్పటిదో తెలియాలంతే. తర్వాత విషయసూచికలో పేజీ నంబర్లు చూస్తా. "హైదరాబాద్ చరిత్ర" అని అట్ట మీద ఘనంగా వేసి, కుతుబ్‌షాహీలను నాలుగు పేజీల్లో దాటేసిన పుస్తకం అక్కడే దొరికిపోతుంది.

నా గోడు ఒక్కటే. మన తెలుగు పుస్తకాల్లో చివర పదసూచిక ఎందుకుండదు? 400 పేజీల చరిత్రలో సాలార్‌జంగ్ ఎక్కడెక్కడ వస్తాడో వెతకాలంటే మళ్లీ మొత్తం చదవాలా?

పేజీమేకప్_నారాయణగూడ:
అన్నా, ఆ పని చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. పేజీలన్నీ ఖాయమయ్యాకే పదసూచిక వేయాలి. రచయితలేమో అచ్చు ప్లేట్లకి వెళ్లే రోజు దాకా దిద్దుతూనే ఉంటారు. ఒక్క పేరా పెరిగితే నంబర్లన్నీ జరుగుతాయి. పోనీ సాఫ్ట్‌వేర్‌కి వదిలేద్దామంటే, "ఏరు" అని ఇస్తే "ఏటి", "ఏట్లో" దానికి దొరకవు. మనిషి కూర్చుని చూడాల్సిందే, ఆ కూలి ఎవరూ ఇవ్వరు. పైగా పుస్తకం అచ్చయ్యేది ఫారాల లెక్కన, ఫారం అంటే 16 పేజీలు. సూచిక వల్ల ఇంకో ఫారం పెరుగుతుందంటే ప్రచురణకర్త మొదట కోసేది దాన్నే.

బోడుప్పల్_నాన్న:
నాది కాస్త వేరే మాట. ఇప్పటి పుస్తకాల్లో పెట్టెలు, బాణాలు, రంగులు మరీ ఎక్కువైపోయాయి. మావాడు వాక్యం మధ్యలో పెట్టెలోకి దూకుతాడు, తిరిగొచ్చేసరికి ఏం చదివాడో గుర్తుండదు. అన్నీ చూడు అనడం కూడా పొరపాటేనేమో.

బడిగంట:
నిజమే అండీ. అన్నీ ఒకేసారి చూడక్కర్లేదు. పాఠం మొదలెట్టే ముందు హెడ్డింగులు, బొమ్మలు ఒకసారి తిప్పిస్తా, ఇందులో ఏముందో లెక్క తెలుస్తుంది. తర్వాత పేరా. "పటం చూడండి" అని రాసిన చోట మాత్రం ఆగాలి. పెట్టెలు ఆ భాగం పూర్తయ్యాకే. వివరం ఏమీ లేకుండా అందానికి పెట్టిన ఫొటో అయితే వదిలేయమంటా. గ్రాఫు మాత్రం వదలనివ్వను. నిలువు గీత సున్నా నుంచి మొదలైందో లేదో చూడమంటా. 90 దగ్గర మొదలెడితే 92 పక్కన 96 మూడింతలుగా కనిపిస్తుంది.

ఉప్పల్_రిటైర్డ్:
మ్యాపు సంగతొచ్చింది కాబట్టి ఒక మాట. పిల్లలకి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలు, చెరువులు వివరంగా చూపే పటం, ఒకటి చూపించండి. 1:50,000 స్కేలు, అంటే కాగితం మీద సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. నీలం నీళ్లు, ఆకుపచ్చ చెట్టూచేమా, గోధుమరంగు గీతలు ఎత్తు. మీ ఇంటి దగ్గర చెరువు వెతకమనండి. ఏ గుర్తు దేనికో చెప్పే సూచీ చూడకుండా ఎలా వెతుకుతారో చూద్దాం.

మల్కాజిగిరి_అమ్మ:
బడిగంట గారి పేజీ రాత్రి మా అమ్మాయికి ఇచ్చా. నిజాం ప్రశ్నకి కాస్త ఆలోచించి కాలరేఖ దగ్గరికి తనే వెళ్లింది. తర్వాత మ్యాపు మీద వేలు పెట్టి "మరి గండిపేట చెరువు ఏదమ్మా, ఇందులో లేదే?" అంది. ఉస్మాన్‌సాగరే గండిపేట అని చెబితే నమ్మదు.

బడిగంట:
భలే పట్టుకుంది! ఈసారి మ్యాపు మీద రెండు పేర్లూ రాస్తా. చింతచెట్టు కూడా ఎక్కడుందో గుర్తు పెట్టమని మా క్లాసు పిల్లలు గొడవ. ఇవాళ సాయంత్రం కొత్త పేజీ పెడతా.