గాయం కడిగేకి మందు నీళ్లా, వట్టి నీళ్లా?

నాపరాయి_ఎర్రగుంట్ల:
గనుల్లో ఫస్టెయిడ్ పెట్టె చూసుకునేవాళ్లను అడుగుతున్నా. నాపరాయి అంచు కోసుకుంటే గాయంలోకి రాతిపొడి దిగుతుంది. దానికి వట్టి నీళ్లు చాలవని, డెట్టాల్ నీళ్లతోనే కడగాలని నా వాదన.

అనంతపురం_డ్రెస్సింగ్:
చాలవనేదే తప్పన్నా. పొడినీ దాంతోపాటు క్రిములనూ తోసేది ధార. తాగే నీళ్లు 5 నుంచి 10 నిమిషాలు పారనియ్యి. మట్టి, నెత్తురు ఉండంగానే అయోడిన్ పోస్తే ఆ మందు వాటితోనే కలిసిపోయి చచ్చుబడుతుంది. గోధుమ రంగు వెలిసిపోయిందంటే మందు అయిపోయినట్టే.

మందులంగడి_కర్నూలు:
ఏ మందో తేలకుండా పోట్లాట ఎందుకు? సావ్లాన్‌లో క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్ ఉంటాయి. వాటిది ధనావేశం, సబ్బుది ఋణావేశం. నురగ పోకముందే పోస్తే రెండూ పట్టుకుని కూర్చుంటాయి, మందు పనిచెయ్యదు. క్లోర్‌హెక్సిడిన్ చర్మానికి అంటుకుని గంటల తరబడి ఉంటుంది కాబట్టే ఆపరేషన్‌కు ముందు 2 శాతం మందును 70 శాతం స్పిరిట్‌లో కలిపి పూస్తారు. అది ఆరకముందు కరెంటు కత్తి పెడితే నిప్పంటుకుంటుంది. కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. కర్ణభేరికి చిల్లుంటే చెవిలో అసలు పోయొద్దు, వినికిడి పోతుంది.
డెట్టాల్‌లో ఉండేది 4.8 శాతం క్లోరోజైలినాల్. గాయానికైతే లీటరు నీళ్లకు 50 మి.లీ. చిక్కగా దూదికి పట్టించి కట్టు కడితే చర్మం కాలుతుంది.

నాపరాయి_ఎర్రగుంట్ల:
మండితేనే కదప్పా పనిచేసేది?

అనంతపురం_డ్రెస్సింగ్:
మంట నీ నరాలది, క్రిములది కాదు. గాయం మీద పోసే హైడ్రోజన్ పెరాక్సైడ్ మందు పొంగు కూడా అంతే. మన నెత్తుట్లోని ఎంజైమే దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. లోతు గాయంలోకి సిరంజితో ఎక్కిస్తే ఆ గాలి రక్తనాళంలోకి పోయే ప్రమాదం ఉంది. మానే కణాలకూ అది చేటే.

మందులంగడి_కర్నూలు:
కుక్క కాటుకు మాత్రం సబ్బు తప్పనిసరి. పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి, తర్వాత పోవిడోన్ అయోడిన్. కారం, సున్నం వద్దు. టీకా అదే రోజు మొదలుపెట్టాలి.

నాపరాయి_ఎర్రగుంట్ల:
సరే, సబ్బు సంగతి ఒప్పుకుంటా. గని గుంతలో నీళ్లు తాగేవి కావే! అవి పోసేదానికన్నా డెట్టాల్ నీళ్లు నయం కాదా?

అనంతపురం_డ్రెస్సింగ్:
ఆ గుంత నీళ్లలోనే డెట్టాల్ కలుపుతారు కదా, ఇంకేం నయం? మూత తియ్యని లీటరు నీళ్ల సీసాలు రెండు పెట్టెలో పెట్టు. అవసరమైనప్పుడు మూతకు సూదితో బొక్క పొడిచి పిండితే గట్టి ధార వస్తుంది. కడిగినాక గాయం చుట్టూ 5 శాతం పోవిడోన్ అయోడిన్ పూసి, తుడవకుండా 2 నిమిషాలు ఆరనిచ్చి కట్టు కట్టు. థైరాయిడ్ ఉన్నోళ్లకు, పసిబిడ్డలకు డాక్టరును అడక్కుండా అది పుయ్యొద్దు.

నాపరాయి_ఎర్రగుంట్ల:
సీసాలు పెట్టిస్తా. డెట్టాల్ మాత్రం పెట్టెలోంచి తియ్యను, పనిముట్లు తుడిచేకైనా ఉండనీ.