థాయ్‌లాండ్‌లో విదేశీయుడు స్థలం కొనవచ్చా?

కడలిగాలి: ఫుకెట్‌లో ఒక ఇల్లు నచ్చింది. విదేశీయుడి పేరున స్థలం రిజిస్టర్ కాదట. కంపెనీ పెట్టి 51 శాతం వాటాలు థాయ్ వాళ్ల పేర రాస్తే చాలని ఏజెంటు అంటున్నాడు. నమ్మవచ్చా?

దస్తావేజు: పైసా పెట్టనివాళ్ల పేర వాటాలు రాయిస్తే అది బినామీ, నేరం కూడా. పట్టుబడితే స్థలం అమ్ముకోమంటారు. గడువు 180 రోజులకు తగ్గదు, ఏడాదికి మించదు. సొంత పేరున దక్కేది కాండో ఫ్లాటు. అదీ ఆ భవనంలోని ఫ్లాట్ల మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకపోతేనే.

నిలకడ: లీజు ఉందిగా! 30 ఏళ్లు, మళ్లీ 30, మళ్లీ 30. సొంతం కాక మరేమిటి?

దస్తావేజు: చట్టం ఒప్పుకునేది మొదటి 30 ఏళ్లే. తర్వాతది యజమాని ఇచ్చిన మాట మాత్రమే. మూడేళ్లు దాటే లీజును భూమి కార్యాలయంలో రిజిస్టర్ చేయకపోతే మూడేళ్ల వరకే చెల్లుతుంది.

నిలకడ: నా కాగితంలో 90 అని స్పష్టంగా ఉంది.

దస్తావేజు: ఉండటం వేరు, చెల్లటం వేరు.

నిలకడ: చెల్లుతుందని లాయరే చెప్పాడు.

వానచినుకు: ఆ లాయరును పెట్టింది మీరా, అమ్మినవాడా?

నిలకడ: అది ఇక్కడ అనవసరం.

ఒంటరిబాటసారి: నా భార్య థాయ్. స్థలం ఆమె పేరునే కొన్నాం. ‘ఈ డబ్బు ఆమె సొంతం’ అని రిజిస్ట్రేషన్ రోజున నా చేత కూడా సంతకం పెట్టించారు. ఎనిమిదేళ్ల నా సంపాదన అది. విడాకుల్లో ఆ కాగితమే నాకు అడ్డుపడింది.

దస్తావేజు: చదవకుండా పెట్టారా?

ఒంటరిబాటసారి: చదివే పెట్టాను. కొత్తగా పెళ్లయినవాడికి ఆ వాక్యం ఎలా కనిపిస్తుందో మీకు తెలియదు.

నిలకడ: చూశారా! డబ్బు మనది, నేల వాళ్లది. దోపిడీ కాదా ఇది?

దస్తావేజు: తమ నేలను అమ్మబోమంటే దోపిడీనా? బయటి డబ్బుతో పోటీపడి అక్కడ పుట్టినవాడు ఎంతని కొనగలడు?

నిలకడ: ఇంతసేపూ చట్టం చాటున మాట్లాడారు. విదేశీయుడు కొనకూడదన్నదే అసలు మీ పట్టు!

దస్తావేజు: అవును. నేల కొనకూడదు.

నిలకడ: మీకక్కడ రెండు ఫ్లాట్లున్నాయి కదా?

దస్తావేజు: ఉన్నాయి. నేల కాదు.

వానచినుకు: గాలిలో ఉన్నాయి కాబోలు.

కడలిగాలి: ఏజెంటు ఇప్పుడే ఫోన్ చేశాడు. రేపటికల్లా అడ్వాన్సు కావాలట. ఆ 51 శాతం ఎవరిదని అడిగితే, ‘మా ఆఫీసులో పనిచేసేవాళ్లదే’ అన్నాడు.