అప్‌డేట్: బావగారి కామెర్లకు కారణం ఏఆర్‌టీ మాత్రలు కాదు

మా బావగారికి హెచ్‌ఐవీ ఉందని, టీబీ మందులు మొదలుపెట్టాక కళ్లు పచ్చబడ్డాయని, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు ఆపేయాలా అని ఇదివరకు అడిగాను. ఆపొద్దన్నారు డాక్టరుగారు.

రక్తపరీక్షలో ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 310 ఉంది. మామూలుగా 40 దాటకూడదు. ముందు హెపటైటిస్ బి, సి చూశారు, రెండూ నెగటివ్. బి ఉండి ఏఆర్‌టీ ఆపితే ఇంకా ప్రమాదమట. అందులోని టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌ని కూడా అణచి ఉంచుతాయి, ఆపగానే అది విజృంభించవచ్చు. ఇది అందరికీ ముందే చెప్పాల్సిన సంగతి! స్కాన్‌లో కాస్త ఫ్యాటీ లివర్, అంతే. తాగుడు అలవాటు లేదు.

చివరికి అనుమానం టీబీ మందుల మీదికే వెళ్లింది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ని దెబ్బతీయగలవు. వాటిని ఆపి, లివర్‌కు అంతగా హాని చేయని మందులు ఇచ్చారు. ఏఎల్‌టీ దిగాక ముందు రిఫాంపిసిన్, తర్వాత ఐసోనియాజిడ్, మధ్యలో రక్తపరీక్షలు చేస్తూ మళ్లీ మొదలుపెట్టారు. పైరజినమైడ్ తీసేశారు కాబట్టి కోర్సు పెరిగింది. రిఫాంపిసిన్ వాడినంతకాలం ఏఆర్‌టీలోని డోల్యుటెగ్రవిర్ అనే మందు 50 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వేసుకోవాలి.

అత్తయ్య తెచ్చిన కామెర్ల పసరు మాత్రం అక్క తాగనివ్వలేదు. ఇప్పుడు ఆయనకు ఆకలి బాగానే వేస్తోంది.