విహారిని ఏ స్థానం బ్యాటర్ కింద లెక్కెయ్యాలి?

కోనసీమ_కీపర్:
అందరికీ నమస్కారమండి. మొన్న ఆదివారం జరిగిన ఓ గొడవ వల్ల ఈ ప్రశ్న పుట్టింది. మాది చిన్న టీము, మండలాల మధ్య మ్యాచ్‌లు, బంతి మాత్రం లెదర్‌దే. పదకొండు పేర్లు రాసే పని నాది. మా ఓపెనర్ పెళ్లి చేసుకుని బెంగళూరు పోయాడు. అయిదులో ఆడే కుర్రాణ్ని "నీకు టెక్నిక్ ఉంది కదరా, నువ్వే దిగు" అని పంపాను. మూడు మ్యాచ్‌ల్లో 4, 0, 11. నాలుగో మ్యాచ్‌కి పేరు కొట్టేశాను. వాడేం అనలేదు. కిట్ బ్యాగు జిప్పు లాగాడు, ఇరుక్కుపోయింది. ఇంకోసారి లాగి, రాకపోతే నోరు తెరుచుకున్న బ్యాగునే భుజానేసుకుని పోయాడు. మా స్కోరర్ మాస్టారు మాత్రం "ఫెయిలైంది ఓపెనరు, నువ్వు తీసేసింది అయిదో నంబరువాణ్నిరా" అన్నారు.

ఆ మాట బుర్రలో తిరుగుతుంటే రాత్రి కూర్చుని ఇండియాకి టెస్టులాడిన హనుమ విహారి స్కోర్‌కార్డులన్నీ తిరగేశాను. మా కాకినాడలో పుట్టినవాడు కదా, కాస్త అభిమానం ఉంది, దాచను.

2018 సెప్టెంబరు, ఓవల్‌లో మొదటి టెస్టు. ఆరో నంబరులో 56. మూడు నెలలకి మెల్‌బోర్న్‌లో విజయ్‌నీ రాహుల్‌నీ పక్కన పెట్టి, ఓపెనింగ్‌కి ఇతన్ని పంపారు. రెండో వైపు మయాంక్ అగర్వాల్, అతనికదే మొదటి టెస్టు. విహారి 66 బంతులాడి 8 పరుగులు. పుస్తకంలో ఎనిమిదే ఉంటుంది. కానీ తొలి వికెట్ 40 దగ్గర పడింది, బంతి మెరుపు తగ్గాక దిగిన పుజారా సెంచరీ కొట్టాడు. ఆ 66 బంతుల్ని ఏ కాలమ్‌లో రాస్తారు?

2019లో వెస్టిండీస్‌లో 32, 93, 111, 53 నాటౌట్. మొత్తం 289, ఆ సిరీస్‌లో అందరికంటే ఎక్కువ. తర్వాత సొంత రాష్ట్రంలో, వైజాగ్‌లో దక్షిణాఫ్రికాతో టెస్టు. 10 కొట్టాడు. పుణెలో అదనపు బౌలర్ కావాలని ఉమేష్ వచ్చాడు, ఇతను బయటికి. అంటే విదేశాల్లో పేసర్లని కాచుకోడానికి ఆరో బ్యాటర్ కావాలి, ఇంటికొస్తే అక్కర్లేదు. 2022లో మొహాలీలో మూడో నంబరు ఇచ్చారు, 58 చేశాడు. జులైలో ఎడ్జ్‌బాస్టన్‌లో 20, 11. అంతే, మళ్లీ పిలుపు లేదు.

ఓపెనింగూ, మూడూ, ఆరూ అన్నీ ఆడాడు. ఖాళీ ఉన్నచోట నిలబెట్టి, ఆ లెక్కతోనే తీసెయ్యడం న్యాయమేనా? నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి, పర్లేదు.

ఉప్పల్_ఎండ్:
అన్నా, విహారి మీద జాలి వద్దు. 16 టెస్టులు, 839 పరుగులు, సగటు 33.56, ఒక్క సెంచరీ. ఎడ్జ్‌బాస్టన్‌లో స్లిప్‌లో బెయిర్‌స్టో క్యాచ్ వదిలింది కూడా అతనే, అప్పటికి బెయిర్‌స్టో స్కోరు 14. చివరికి 114 నాటౌట్‌గా నిలిచి, రూట్‌తో కలిసి 378 టార్గెట్‌ని కొట్టి పారేశారు. సెలెక్టర్లు అవి మర్చిపోతారా?

మా హైదరాబాద్ సంగతి చెప్త. లక్ష్మణ్‌ని గూడ ఓపెనర్ చేసిన్రు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనింగ్ దిగి 167 కొట్టిండు. అంత కొట్టినంక ఎవరైనా ఆ ప్లేస్ పట్టుకుంటరు. ఆయనేమో ఇగ ఓపెనింగ్ చెయ్యనన్నడు, టీమ్‌లో ప్లేస్ పోయినా సరే అని. ఆ సీజన్ రంజీలో మనకోసం 1415 పరుగులు చేసిండు. 2001లో కోల్‌కతాలో మొదటి ఇన్నింగ్స్‌లో ఆరులో దిగి 59, ఫాలోఆన్‌లో మూడుకి పంపితే 281. విహారి ఎన్నడన్న వద్దన్నడా?

ఆర్కే_బీచ్_గోడ:
వద్దనే స్థాయి అందరికీ ఉంటదేటి గురూ? లక్ష్మణ్ వెనక 167 ఉంది. కొత్తోడు వద్దంటే "యాటిట్యూడ్" అంటారు.

మా వైజాగ్ కుర్రాడు, కీపర్ కేఎస్ భరత్‌ని చూడండి. 2022 డిసెంబరులో పంత్‌కి యాక్సిడెంట్ అయింది కాబట్టి ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాతో నాగ్‌పూర్‌లో టెస్టు క్యాప్ దొరికింది. ఆ సిరీస్ పిచ్‌లు గుర్తున్నాయి కదా, మొదటి మూడు టెస్టులూ మూడో రోజుకే అయిపోయాయి. బంతి గిర్రున తిరుగుతూ మోకాలి కింద జారుతుంటే వెనకాల గొంతుక్కూచుని పట్టడం ఎంత కష్టమో కీపర్‌వి నీకు చెప్పాలా? పట్టిన బంతికి లెక్క లేదు, వదిలితే మాత్రం రిప్లే పదిసార్లు. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లాండ్ ఇక్కడికొచ్చినప్పుడు నేను స్టేడియంలోనే ఉన్నాను. భరత్ 17, 6. నా వెనక కూర్చున్నాయన, మన ఊరాయనే, "ఇంక వీడు చాలు, మార్చండి" అని అరిచాడు. రాజ్‌కోట్‌లో జురెల్ వచ్చాడు. సొంతూళ్లో ఆడ్డమే ఆఖరైపోయింది.

పుల్లారెడ్డి_స్వీట్_కాదు:
చర్చ బావుంది గానీ, ముందు ఆ అబ్బాయికి ఫోన్ చేశారా లేదా?

కోనసీమ_కీపర్:
ఉప్పల్ అన్నగారూ, క్యాచ్ సంగతి నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. లక్ష్మణ్ మాటైతే గట్టిగా తగిలిందండి. కానీ సిడ్నీ అన్నారు కాబట్టి 2021 జనవరి 11 కూడా చూడండి. విహారి మొదటి ఇన్నింగ్స్‌లో 4కే రనౌట్. అప్పటికే సిరీస్‌లో పెద్ద స్కోరు లేదు, ఇదే ఆఖరి అవకాశం అని పేపర్లలో కూడా వస్తోంది. రెండో ఇన్నింగ్స్‌లో పరుగు తీస్తుంటే తొడ వెనక కండరం పట్టేసింది. జడేజా వేలు విరిగి కూర్చున్నాడు. అవతల అశ్విన్‌కి నడుం నొప్పి. విహారి కుంటుకుంటూ 161 బంతులాడి 23, అశ్విన్ 128 బంతుల్లో 39. ఇద్దరూ ఔట్ కాలేదు, మ్యాచ్ డ్రా అయింది. ఒకవేళ తొందరపడి నలభై కొట్టి ఔటైతే పుస్తకంలో స్కోరు పెద్దగా కనబడేది, మ్యాచ్ పోయేది.

ఆ గాయంతో తర్వాతి బ్రిస్బేన్ టెస్టు ఆడలేకపోయాడు. మళ్లీ టెస్టు ఆడింది ఏడాది తర్వాత, 2022 జనవరిలో జొహన్నెస్‌బర్గ్‌లో, అదీ కోహ్లీకి వీపు పట్టేస్తే. 20, 40 నాటౌట్. తర్వాతి టెస్టుకి కోహ్లీ వచ్చాడు, ఇతను బెంచి మీద కూర్చున్నాడు. ఆ నలభైలో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదండి.

బీచ్ గోడ గారూ, కీపర్ల గురించి మీరు రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను. మోకాళ్ల నొప్పి మాత్రలు కొనేది మా ఆవిడే కాబట్టి బాగా అర్థమైంది.

ఫోన్ అడిగారుగా, చేశాను. తప్పు నాదేనని చెప్పాను, ఆదివారం రమ్మన్నాను. కాసేపు ఆగి "అయిదులో అయితేనే వస్తానన్నా" అన్నాడు. సరేనన్నాను. జిప్పు కూడా బాగు చేయించుకున్నాడట.

ఇప్పుడు అమలాపురం చుట్టుపక్కల కొత్త బంతి ఆడేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. లేకపోతే ఆదివారం నేనే దిగాలి.