ఆడిట్ బాగుంది, ఫిర్యాదులు సున్నా. మానవ హక్కుల పని ఇంతటితో అయినట్టేనా?

ప్రశ్న (నూలుపోగు):
బహుళజాతి దుస్తుల కంపెనీలో మానవ హక్కుల విధానం అమలు చూసే బాధ్యత నాది. ప్రస్తుతం ఉన్నవి మూడు: సప్లయర్లందరూ సంతకం పెట్టిన నియమావళి, ఏటా ఓ బయటి ఆడిట్, కార్మికులకో హాట్‌లైన్. ఏడాదిగా దానికి ఒక్క ఫోనూ రాలేదు. వ్యాపారం, మానవ హక్కులపై ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు పాటిస్తున్నామని వార్షిక నివేదికలో రాయొచ్చా? ఇంకేం మిగిలింది?

జవాబు (త్రాసు):
ఇప్పుడే రాయకండి. 2011లో మానవ హక్కుల మండలి ఆమోదించిన ఆ 31 సూత్రాల్లో కంపెనీ నిరంతరం చేయాల్సినవి నాలుగున్నాయి: హాని ఎక్కడుందో గుర్తించడం, దాన్ని ఆపే చర్య, ఆ చర్య పనిచేసిందో లేదో చూడడం, బయటికి చెప్పడం. మీ దగ్గరున్నది మొదటిదాంట్లో సగం.

అన్నీ ఒకేసారి కుదరవు కాబట్టి వరస పెట్టుకోవాలి. కంపెనీకి ఎంత నష్టం అన్నది కాదు, మనిషికి ఎంత నష్టం అన్నదే కొలత: హాని ఎంత తీవ్రం, ఎంతమందికి, జరిగాక సరిదిద్దగలమా. తాళం వేసిన అత్యవసర ద్వారం, ఏజెంటు దాచుకున్న వలస కార్మికుడి పాస్‌పోర్టు ముందు. పే స్లిప్పులో తప్పులు తర్వాత.

అన్నట్టు, చట్టాన్ని చూసి ధీమా పడొద్దు. బ్రిటన్ 2015 ఆధునిక బానిసత్వ చట్టం అడిగేది ఒక ప్రకటన. "ఏ చర్యా తీసుకోలేదు" అని రాసినా ఆ నిబంధన కింద చెల్లుతుంది! ఫ్రాన్స్ 2017 చట్టం అలా కాదు, ప్రణాళిక వేసి అమలు చేయమంటుంది.

జవాబు (సూదిమొన):
ఆడిట్ గురించి. 2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే దుస్తుల ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. కొన్ని వారాల ముందే దానికి ఎస్‌ఏ 8000 (పని పరిస్థితులు ప్రమాణాల ప్రకారం ఉన్నాయని ఆడిట్ చేసి ఇచ్చే) సర్టిఫికెట్ వచ్చింది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో కూలిన రానా ప్లాజా భవనంలోని దుస్తుల ఫ్యాక్టరీల్లోనూ ఆడిట్లు జరిగాయి. భవనం నిలబడుతుందా అన్నది వాటి పరిధిలో లేదు. కాబట్టి రిపోర్టు తెరవగానే మార్కులు కాదు, ఏమేం చూడలేదో చదవండి.

పనిగంటల్ని హాజరు పట్టికతో తేల్చలేం, చాలాచోట్ల రెండు పట్టికలుంటాయి. విరిగిన సూదుల రిజిస్టర్ అడగండి. సూది ముక్క బట్టలో ఉండిపోతే కొన్నవాళ్లకు గుచ్చుకుంటుంది కనుక, విరిగిన ప్రతి సూది ముక్కల్నీ ఏరి, టేపుతో అంటించి, తేదీ, లైను, మెషిను నంబరు రాస్తారు. హాజరులో ఆదివారం సెలవని ఉండి, అదే తేదీన నాలుగో లైనులో మూడు సూదులు విరిగితే విషయం అర్థమైపోతుంది. గేటు దగ్గర లారీల రిజిస్టర్‌తోనూ సరిపోల్చండి. అయితే ఒకసారి పట్టుబడ్డ ఫ్యాక్టరీ మర్నాటినుంచి దీనికీ రెండో కాపీ రాస్తుంది. అందుకే మాట్లాడే కార్మికుల్ని మీరే లైన్లోంచి ఎంచుకోండి, ఫ్యాక్టరీ బయట కలవండి.

జవాబు (గడువుతేదీ):
అసలు చిక్కు తరచూ మన కొనుగోలు విభాగంలోనే ఉంటుంది. లెక్క చూడండి. 30,000 చొక్కాలు, 60 పనిదినాలు, రోజుకు 500, ఎనిమిది గంటల పని. మనవాళ్లు రంగు ఖాయం చేయడానికి 14 పనిదినాలు ఆలస్యం చేసి, షిప్‌మెంట్ తేదీ మాత్రం మార్చలేదు. మిగిలిన 46 రోజుల్లో రోజుకు 652 కుట్టాలి, అంటే దాదాపు పదిన్నర గంటలు. ఆరు రోజులకు 62 దాటింది. ఓవర్‌టైమ్‌తో కలిపి వారానికి 60 గంటలే అని చాలా కంపెనీల నియమావళి, బహుశా మీదీ. దాన్ని ఉల్లంఘించింది ఫ్యాక్టరీయే, ఉల్లంఘించేలా చేసింది మన ఈమెయిల్. ఆ మార్గదర్శక సూత్రాల్లో దీన్ని హానికి "తోడ్పడడం" అంటారు, పరిహారంలో మనకూ వాటా ఉంటుంది. డిజైన్ ఆలస్యమైనన్ని రోజులు షిప్‌మెంట్ తేదీ కూడా జరగాలని ఒప్పందంలోనే రాయించండి.

జవాబు (త్రాసు):
సున్నా ఫిర్యాదులు మంచి సూచన కాదు. హాట్‌లైన్ వలస కార్మికుల భాషలో ఉందా? షిఫ్టులో ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకుంటే ఎప్పుడు చేస్తారు? రాత్రి షిఫ్టు విరామంలో మీరే ఒకసారి చేసి చూడండి, ఎవరు ఎత్తుతారో. చాలాసార్లు అది మోగేది ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ టేబుల్ మీదే.

ఉద్యోగం కోసం ఏజెంటుకు ఎంత కట్టారో ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ఆ ఖర్చు యజమానిది. అప్పు చేసి కట్టినవాళ్లు ఆ అప్పు తీరేదాకా నోరు విప్పరు, కనుక డబ్బు తిరిగి ఇప్పించడం ముందు.

ఉల్లంఘన దొరగ్గానే కాంట్రాక్టు రద్దు చేస్తే పోయేది కార్మికుల కూడే. బాలకార్మికులు కనిపిస్తే బడి ఖర్చు, ఆగిపోయే జీతం భరించే ఏర్పాటు చేసి పనిలోంచి తప్పించాలి. ఉత్త చేతులతో పంపేస్తే ఇంకా అధ్వాన్నమైన పనిలో తేలతారు.

నూలుపోగు:
సూదుల రిజిస్టర్ ఎన్ని నెలలవి తెప్పించాలి?

సూదిమొన:
గత 12 నెలల్లో మూడు. ఆర్డర్లు ముమ్మరంగా ఉన్న నెల, పల్చగా ఉన్న నెల, మీకు తోచిన మరో నెల. ఏ నెలలు అడుగుతారో ముందుగా చెప్పకండి.